మన ఇంటిని చెప్పలేని ఇంగ్లీషు మనకెందుకు?



ఇలాంటి సంచికల్లో ఇంగ్లీషు గురించి ఒక వ్యాసమైనా ఉంటుంది. ఇంగ్లీషు రాకపోతే బతుకు లేదని కొందరు రాస్తారు. ఇంగ్లీషు మోజులో తెలుగు పోతోందని మరికొందరు బాధపడతారు. ఈ రెండు వాదాల జోలికీ మేం పోవడం లేదు. నేర్చుకోవాలా వద్దా అన్నది మనలాంటి వాళ్ళకు ఎప్పుడో తేలిపోయిన విషయం. నేర్చుకోవాలి. అయితే నేర్చుకున్న ఇంగ్లీషుతో దేని గురించి మాట్లాడాలి? ఈ ప్రశ్న మనల్ని ఎవరూ అడగరు, మనమూ అడుక్కోం. ఈసారి దాన్ని అడుగుదామని, మనలాగే ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్న ఒక దేశం వైపు చూశాం. ఆ దేశం వియత్నాం.

వియత్నాం ఎందుకని మీరు అడగవచ్చు. వరి పండించుకుని, అన్నం తిని బతికే దేశం అది. ఫ్రెంచి వాళ్ళ పాలనలో నలిగింది. అమెరికాతో యుద్ధం చేసింది. 2023లో దాని జనాభా పది కోట్లు దాటింది. అక్కడ అధికారికంగా గుర్తించిన జాతులు 54. ఇంగ్లీషు వాళ్ళ పాలన ఎన్నడూ లేకపోయినా, బతుకుతెరువు కోసం ఇప్పుడు దేశమంతా ఇంగ్లీషు నేర్చుకుంటోంది. 2008లో అక్కడి ప్రభుత్వం విదేశీ భాషల బోధనకు ఒక జాతీయ పథకం పెట్టింది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతిలోనే విదేశీ భాష తప్పనిసరి అయింది. ఎక్కువ బడుల్లో ఆ భాష ఇంగ్లీషే. పల్లెటూరి రైతు బిడ్డ, ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినని బిడ్డ, ఆ పాఠం ముందు కూర్చుంటున్నాడు. మన హాస్టల్ పిల్లాడికీ వాడికీ తేడా ఏముంది?

పాఠంలో ఇల్లు వేరు, ఊళ్ళో ఇల్లు వేరు

ఏ దేశంలో ఇంగ్లీషు నేర్పినా ముందుగా వచ్చే పాఠాల్లో ఇల్లు ఒకటి. పెద్ద పరీక్షల్లోనూ అంతే. విదేశీ చదువులకు వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష మొదట్లో తరచుగా వచ్చే ప్రశ్న, మీరు ఇంట్లో ఉంటారా, అపార్ట్‌మెంట్‌లో ఉంటారా అని. దానికోసం పాఠాల్లో మాటల జాబితాలు ఇస్తారు. డిటాచ్డ్ హౌస్, సెమీ డిటాచ్డ్ హౌస్, కాటేజ్, ఆటిక్, గ్యారేజ్, బ్యాక్ గార్డెన్. ఇవన్నీ ఇంగ్లండు వీధుల్లో కనిపించే ఇళ్ళ పేర్లు, భాగాల పేర్లు.

ఇప్పుడు హనోయ్ పాతబస్తీలో పుట్టిన పిల్లాడి సంగతి చూద్దాం. వాడి ఇంటిని వాళ్ళ భాషలో 'న్యా ఓంగ్' అంటారు. అంటే గొట్టం ఇల్లు. వీధివైపు మూడు నాలుగు మీటర్ల వెడల్పే ఉంటుంది, లోపలికి మాత్రం రైలు పెట్టెలా పోతూనే ఉంటుంది. పాతకాలపువి కొన్ని అరవై మీటర్ల లోతు కూడా ఉన్నాయి. వీధిమీద జాగాకు విలువ ఎక్కువ. ప్రతి వ్యాపారికీ వీధివైపు కొట్టు కావాలి. అందుకే అలా కట్టుకున్నారు. ముందు కొట్టు, వెనక కాపురం, మధ్యలో గాలీ వెలుతురూ దిగడానికి కప్పులేని చిన్న ఖాళీ. ఆ ఖాళీని ఇప్పటి వియత్నామీయులు ఆకాశపు బావి అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్ళకు ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. సైజు చిన్నది, ఆలోచన ఒకటే.

ఆ పిల్లాడు తన ఇల్లు డిటాచ్డ్ అనాలా, సెమీ డిటాచ్డ్ అనాలా? రెండూ కావు. జాబితాలో వాడి ఇల్లు లేదు.

కొండల మీదికి పోదాం. డాక్ లాక్ ప్రాంతంలో ఎదె అనే జాతి వాళ్ళుంటారు. వాళ్ళది ఆడవాళ్ళ పేరుమీద వంశం నడిచే సమాజం. స్తంభాల మీద కట్టిన పొడుగాటి ఇంట్లో అమ్మ, కూతుళ్ళు, అల్లుళ్ళు అందరూ కలిసి ఉంటారు. కూతురికి పెళ్ళయితే ఇల్లు ఇంకొంచెం పొడుగు పెరుగుతుంది. బనార్ జాతి గూడెంలో ఊరందరికీ కలిపి 'రోంగ్' అనే ఇల్లు ఉంటుంది. దాని కప్పు గొడ్డలి అంచు నిలబెట్టినట్టు ఆకాశంలోకి లేస్తుంది. ఊరి పంచాయితీలు, పండుగలు అక్కడే. కాటేజ్, గ్యారేజ్ అని బట్టీపట్టిన ఎదె అమ్మాయి తన ఇంటి గురించి ఒక్క ముక్కయినా చెప్పగలదా?

హనోయ్‌లోనే ఇంకోరకం ఇళ్ళున్నాయి. 1960 నుంచి 1980ల దాకా ప్రభుత్వం ఉద్యోగులకు, కార్మికులకు నాలుగైదు అంతస్తుల సామూహిక నివాసాలు కట్టింది. తొలిరోజుల్లో కట్టిన కొన్నింట్లో వంటగది, మరుగుదొడ్డి నాలుగైదు కుటుంబాలకు ఉమ్మడి. వరసలో నిలబడటం, నీళ్ళు పట్టుకోవడం, ఒకరి పొయ్యి మీద కూర వాసన అందరికీ రావడం. మన హాస్టల్ వాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. కుటుంబాలు పెరిగి జాగా చాలక, జనం బాల్కనీలకు ఇనుప చట్రాలు బిగించి బయటికి గదులు పెంచుకున్నారు. వాటికి జనమే పెట్టిన పేరు 'పులి బోన్లు'.

భాష ఎక్కడ అడ్డం పడుతుంది

ఇంటి గురించి చెప్పబోతే వియత్నామీయులకు నాలుక దగ్గరే మొదటి చిక్కు. వాళ్ళ భాషలో మాట చివర స, ఫ, ల లాంటి శబ్దాలు రావు. అందుకని 'హౌస్' అనబోతే చాలామందికి 'హౌ' అని ఆగిపోతుంది. 'రూఫ్' అన్నా అదే గతి. మనకు దీనికి సరిగ్గా ఎదురు. తెలుగు మాట అచ్చుతో ముగియాలి కాబట్టి మనం 'హౌసు', 'రూఫు', 'రోడ్డు' అంటాం. వాళ్ళు తోక కోస్తారు, మనం తోక తగిలిస్తాం. ఇందులో ఎవరి తెలివితక్కువతనమూ లేదు. ఎవరి తల్లిభాష వాళ్ళ నాలుకను అలా తీర్చింది.

వాక్యం దగ్గర రెండో చిక్కు. వాళ్ళ భాషలో 'కో' అనే ఒక్క మాటే 'ఉంది' అనడానికీ, 'నాకు కలదు' అనడానికీ పనికొస్తుంది. అందుకే వాళ్ళు 'ఇన్ మై హౌస్ హావ్ త్రీ రూమ్' అంటుంటారు. మనకూ అంతే కదా! 'ఊళ్ళో ఇల్లు ఉంది', 'మాకు ఇల్లు ఉంది'. రెండుచోట్లా 'ఉంది' ఒక్కటే. ఇంగ్లీషు మాత్రం ఒకచోట 'దేర్ ఈజ్' అంటుంది, ఇంకోచోట 'హావ్' అంటుంది. 'ఎ', 'ది' అనే ముక్కలు వాళ్ళకూ లేవు, మనకూ లేవు. ఎక్కువైతే మాట చివర 'స్' చేర్చడం వాళ్ళ భాషలో లేదు. మనకు గది, గదులు అనే అలవాటుంది కాబట్టి అక్కడ మనకు కొంచెం సుళువు. అందమైన ఇల్లు అనాలంటే వాళ్ళు 'ఇల్లు అందమైన' అంటారు, మన వరస ఇంగ్లీషు వరసే. కానీ 'ఇంటి వెనక' అనడంలో వాళ్ళే మేలు. ఇంగ్లీషులోలాగా వాళ్ళు 'వెనక' ముందు చెప్పి 'ఇల్లు' తరవాత చెబుతారు. మనం తిరగేసుకోవాలి.

అంతస్తుల లెక్క మరీ విచిత్రం. ఉత్తర వియత్నాంలో నేలమీదిదే ఒకటో అంతస్తు. దక్షిణాన సైగాన్ వైపు నేలమీదిది వేరే పేరు, దానిపైది ఒకటి. బ్రిటిష్ ఇంగ్లీషు దక్షిణం వాళ్ళ లెక్కకు సరిపోతుంది, అమెరికా ఇంగ్లీషు ఉత్తరం వాళ్ళకు సరిపోతుంది. 'ఫస్ట్ ఫ్లోర్' అంటే ఏది అన్నది ఎవరితో మాట్లాడుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికా వెళ్ళే మన పిల్లలకూ ఈ సంగతి పనికొస్తుంది.

అన్నిటికన్నా మమ్మల్ని ఆలోచింపజేసింది ఇంకొకటి. వాళ్ళ భాషలో 'న్యా' అంటే ఇల్లు, కుటుంబం కూడా. భార్యనో భర్తనో ఉద్దేశించి 'మా ఇల్లు' అంటారు. మన 'ఇల్లాలు', 'ఇంటాయన' గుర్తుకు రాలేదా? ఇంకా చూడండి. మేము, మనము అని మనకు రెండున్నట్టే వాళ్ళకూ రెండున్నాయి. ఎదుటివాణ్ణి కలుపుకోకపోతే 'చుంగ్ తోయ్', కలుపుకుంటే 'చుంగ్ తా'. ఇంగ్లీషుకు ఉన్నది ఒకే ఒక్క 'వి'. 'అవర్ హౌస్' అన్నప్పుడు అది మా ఇల్లా, మన ఇల్లా? చెప్పలేం. వార్డెన్ గారు 'మన హాస్టల్' అంటే ఒక అర్థం, ఊళ్ళోవాళ్ళతో మనం 'మా హాస్టల్' అంటే ఒక అర్థం. ఆ తేడా తెలిసిన భాషలు మనవి. ఇంగ్లీషు గొప్పది, మన భాషలు తక్కువవి అనుకునేవాళ్ళు ఈ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలి.

బట్టీ జవాబు

జాబితాలో తన ఇల్లు దొరకని విద్యార్థి ఏం చేస్తాడు? తనది కాని ఇల్లు చెబుతాడు. మాకు పెద్ద ఇల్లుంది, ముందు తోట ఉంది, నాలుగు పడకగదులున్నాయి అని గైడులో ఉన్న జవాబు అప్పజెబుతాడు. పరీక్ష చేసేవాడు ఇంకో ప్రశ్న వేస్తే ఆగిపోతాడు. లేని తోటలో ఏ చెట్లున్నాయో ఎలా చెబుతాడు?

మన దగ్గరా జరుగుతున్నది ఇదే. 'మై హౌస్' మీద పది వాక్యాలు రాయమంటే డ్రాయింగ్ రూమ్, డైనింగ్ హాల్ అని రాసేస్తాం. మనలో చాలామందివి పెంకుటిళ్ళు, రేకుల ఇళ్ళు, కాలనీలో ప్రభుత్వం మంజూరు చేసిన ఒక గది ఇళ్ళు. అక్కడే వంట, అక్కడే పడక, అక్కడే చదువు. వేసవి రాత్రుళ్ళు వాకిట్లో మంచం. ఇవి రాస్తే నవ్వుతారని సిగ్గు. కాబట్టి బట్టీ జవాబులో ఉన్న నష్టం మార్కులతో పోయేది కాదు. నీ ఇల్లు ఇంగ్లీషులో చెప్పదగింది కాదు అని అది పిల్లల చెవిలో ఊదుతుంది. ఇంటి నుంచి మొదలైన ఆ సిగ్గు అమ్మ పనికీ, నాన్న కులానికీ, ఊరి చివర వాడకూ పాకుతుంది. ఆ సిగ్గు మోస్తూ ఇంటర్వ్యూ గదిలోకి వెళ్ళినవాడికి వచ్చిన ఇంగ్లీషు కూడా గొంతులోనే ఉండిపోతుంది.

మన పెద్దాయన సంగతి ఒకటి గుర్తు చేస్తాం. బాబాసాహెబ్ అంబేద్కర్ కొలంబియాలో, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదివారు. ఆయన ఇంగ్లీషుకు తెల్లవాళ్ళే తలవంచారు. 1930ల్లో బొంబాయి దాదర్‌లో ఇల్లు కట్టుకుని, వేల పుస్తకాలు అందులో పెట్టుకున్నారు. దానికి విల్లా అనో కాటేజ్ అనో పేరు పెట్టలేదు. ప్రాచీన మగధ రాజధాని పేరు తీసుకుని 'రాజగృహ' అన్నారు.

మాట మీద ప్రాణం ఉన్న సందర్భాలు

ఇల్లు గురించి మాట్లాడటమంటే అలంకారాలు చెప్పుకోవడం కాదు. 2023 సెప్టెంబరు 12 రాత్రి హనోయ్‌లో ఇరుకు సందులో ఉన్న ఒక భవనం కాలిపోయింది. అలాంటి భవనాలను అక్కడ 'మినీ అపార్ట్‌మెంట్లు' అంటారు. కింద మోటారు సైకిళ్ళు నిలిపేచోట మంటలు లేచాయి. పైన నిండా కాపురాలు. దిగడానికి ఉన్నది ఒక్క మెట్లదారి. 56 మంది చనిపోయారు. ఆ తరవాత ఆ దేశంలో ఇళ్ళ గురించి మాట్లాడే తీరే మారింది. దొంగల భయంతో కట్టుకున్న పులి బోన్లను కోసి తలుపులు పెట్టుకున్న వాళ్ళున్నారు.

అపార్ట్‌మెంట్ అనే మాట నేర్పి, ఎగ్జిట్ అనే మాట నేర్పకపోతే పాఠం సగమే. ఎన్ని మెట్లదారులున్నాయి, కిటికీ ఊచలు తెరుచుకుంటాయా, అగ్గి పుడితే ఎటు పోవాలి అని అడగగలగాలి. వియత్నాం నుంచి జపాన్, కొరియా వెళ్ళే కూలీలకైనా, మన పల్లెల నుంచి గల్ఫ్ క్యాంపులకు పోయే అన్నలకైనా ఉండబోయే గది గురించి నాలుగు ప్రశ్నలు అడిగే భాష కావాలి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, కాగితం మీద ఏం రాశారు, గదిలో ఎంతమంది, నీళ్ళు ఎన్ని గంటలు.

ఎదుటివారి వాదన

ఇదంతా బాగానే ఉంది, పరీక్షలో పుస్తకంలో మాటలే అడుగుతారు, ఉద్యోగంలో ప్రపంచానికి తెలిసిన మాటలే కావాలి, గొట్టం ఇల్లు, మండువా అంటే ఎవరికి అర్థమవుతుంది అని కొందరు ఉపాధ్యాయులు అంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. సెమీ డిటాచ్డ్ అంటే ఏమిటో తెలియాల్సిందే. లీజు, మార్ట్‌గేజ్ అంటే తెలియకుండా సంతకం పెట్టకూడదు. జాబితాను చింపెయ్యమని మేం అనడం లేదు. జాబితాకు ముందు మన ఇల్లు రావాలంటున్నాం.

అర్థం కాదన్న భయం కూడా అనవసరం. ఇంగ్లీషు అడక్కుండానే అన్ని ఇళ్ళకూ వెళ్ళి మాటలు తెచ్చుకున్న భాష. బంగ్లా, వరండా మన దేశం మీదుగానే దానిలోకి పోయాయి. గోడౌన్ అనే మాటకు మన గిడ్డంగి చుట్టమని చెప్పే పండితులున్నారు. వియత్నాం వాళ్ళ 'ఫో' అనే నూడుల్సు చారు, 'ఆవ్ జాయ్' అనే దుస్తులు ఇంగ్లీషు నిఘంటువుల్లో చేరాయి. అలాంటప్పుడు 'రోంగ్ హౌస్' ఎందుకు చేరకూడదు? మన మండువా, అరుగు, చుట్టిల్లు ఎందుకు చేరకూడదు? ముందు మన మాట చెప్పి, వెంటనే రెండు తేలిక ఇంగ్లీషు వాక్యాల్లో వివరిస్తే ఎవరికైనా అర్థమవుతుంది. చుట్టిల్లు అంటే గుండ్రటి మట్టిగోడ, నేలదాకా వంగిన తాటాకు కప్పు, తుఫాను గాలి పట్టు దొరక్క పక్కనుంచి పోతుంది అని చెప్పడానికి ఎంత ఇంగ్లీషు కావాలి? ఎనిమిదో తరగతి ఇంగ్లీషు చాలు.

సొంత ఇంటి సంగతి తెలిసినవాళ్ళే లోకానికి కొత్త విషయం చెప్పగలిగారు. సైగాన్‌లో స్వాతంత్ర్య సౌధాన్ని 1962-66 మధ్య కట్టారు. దాన్ని రూపొందించిన ఙో వియెత్ థు విదేశంలో చదివి, 1955లో రోమ్ బహుమతి గెలిచిన వాస్తుశిల్పి. ఆ భవనం ముఖానికి ఆయన పెట్టింది వెదురు కణుపుల ఆకారంలో ఉన్న రాతి తెర. ఈ కాలంలో వో చోంగ్ ఙియా అనే వాస్తుశిల్పి వెదురుతో పెద్ద పెద్ద కప్పులు నిలబెట్టి ప్రపంచాన్ని ఆకర్షించాడు. 2014లో సైగాన్ ఇరుకు బస్తీలో ఆయన కట్టిన ఒక ఇంటిపేరు 'హౌస్ ఫర్ ట్రీస్', అంటే చెట్లకోసం ఇల్లు. అయిదు కాంక్రీటు పెట్టెలు, ప్రతి పెట్టె నెత్తిన కుండీలోలాగా ఒక చెట్టు. పేరులో మూడు చిన్న ఇంగ్లీషు మాటలే ఉన్నాయి. వెనక ఉన్న ఆలోచన మాత్రం చెట్లు కరువైన తన ఊరిది.

ఇద్దరి మధ్య వంతెన

చివరిగా ఒక చుట్టరికం చెప్పాలి. మధ్య వియత్నాంలో చంపా అనే రాజ్యం ఉండేది. అందులో ఒక ప్రాంతం పేరు అమరావతి. మన కృష్ణ ఒడ్డునున్న ఊరి పేరే! అక్కడి మై సన్ లోయలో నాలుగో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఇటుకలతో శివాలయాలు కట్టారు. సంస్కృతంలో శాసనాలు వేశారు. 1969లో అమెరికా బాంబులకు వాటిలో పెద్ద గోపురమే కూలిపోయింది. 1999లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2017 నుంచి 2022 దాకా మన భారత పురావస్తు శాఖ వాళ్ళు వెళ్ళి కొన్ని గుళ్ళను బాగుచేశారు. 2020లో అక్కడే తొమ్మిదో శతాబ్దపు శివలింగం బయటపడింది.

ఆ గుడి ముందు ఒక వియత్నాం కుర్రాడూ ఒక తెలుగు కుర్రాడూ నిలబడితే ఇద్దరి మధ్యా ఉండే భాష ఏది? ఎక్కువగా ఇంగ్లీషే. అక్కడ లండన్ మనిషి ఒక్కడూ లేడు. ఇటుక, పునాది, గోపురం, వాన, నాచు, మా ఊళ్ళోనూ ఇలాంటిదుంది, మీ ఇళ్ళు ఎలా ఉంటాయి... మాట్లాడుకోవాల్సింది ఇవి. ఆటిక్, బ్యాక్ గార్డెన్ అనే మాటలు అక్కడ దేనికి పనికొస్తాయి?

మనం చేయగలిగింది

ఉపన్యాసంతో ముగిస్తే లాభం లేదు. హాస్టల్‌లో రేపటి నుంచే చేయగలిగినవి కొన్ని చెబుతాం.

రాత్రి స్టడీ అవర్లో వారానికి ఒక అరగంట తీసుకోండి. ఒక్కొక్కరు తమ ఇంటి బొమ్మ గీయండి. తలుపు ఎటుంది, పొయ్యి ఎక్కడ, గొడ్లు ఎక్కడ, నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి. ప్రతి భాగానికీ ముందు మీ ఊళ్ళో అనే పేరే రాయండి. శ్రీకాకుళం వాడి మాట ఒకటి, అనంతపురం వాడి మిద్దె ఒకటి, ఆదిలాబాద్ గోండు పిల్లవాడి ఇల్లు ఒకటి. ఇంగ్లీషు మాట ఉంటే పక్కన రాయండి, లేకపోతే ఒక వాక్యం రాయండి. తరవాత లేచి నిలబడి రెండు నిమిషాలు చెప్పండి. తప్పులు దిద్దేవాళ్ళు చెప్పడం పూర్తయ్యాకే దిద్దాలి. నవ్వకూడదు. ఇది ఒక్కటే నిబంధన.

రెండోవారం మన హాస్టల్ గురించి చెప్పండి. ఒక హాల్లో ఎన్ని ట్రంకు పెట్టెలున్నాయి, ఫ్యానెన్ని, కుళాయిలెన్ని, రెండో దారి ఉందా లేదా. ఇంగ్లీషులో చెప్పగలిగితే ఇంగ్లీషులో అర్జీ రాయగలరు. అది అధికారి బల్లమీదికి పోయినప్పుడు చదవక తప్పదు.

పాత విద్యార్థి మిత్రులకు ఒక మనవి. సభలకు వచ్చి ఇంగ్లీషు నేర్చుకోండి అని చెప్పి వెళ్ళిపోకండి. మీరు అద్దెకున్న మొదటి గది గురించి, ఓనరు వేసిన ప్రశ్నల గురించి, కులం అడిగితే మీరు చెప్పిన జవాబు గురించి పిల్లలకు ఇంగ్లీషులోనే చెప్పండి. గైడులో లేని పాఠం అది.

వియత్నాం పిల్లలు హౌస్ చివర 'స్' కోసం కష్టపడుతున్నారు. మనం చివరి 'ఉ' వదిలించుకోవడానికి కష్టపడదాం. ఆ కష్టం మంచిదే. కానీ ఆ హౌస్ మన ఇల్లయి ఉండాలి. ఈ సంవత్సరం మన హాస్టల్ నుంచి 'మై హౌస్' అని రాసిన ప్రతి కాగితంలోనూ నిజంగా ఉన్న ఇల్లే కనిపించాలని మేం కోరుకుంటున్నాం. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ కాగితాల్లోంచి పది ఏరి అచ్చు వేద్దాం.

జై భీమ్!